పాటల గది తివాచీ

ఆ గదిలోంచి మొదట పోయింది తివాచీ.

పెద్దకోడలు బజారు నుంచి రెండు చేతులా సంచులతో మెట్లెక్కి వచ్చేసరికి పాటల గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నేల బోసిగా మెరుస్తోంది. ఆవిడ భర్త గది నడుమ నిలబడి చప్పట్లు చరుస్తున్నాడు. చరిచినప్పుడల్లా ఆ చప్పుడు ఈ గోడకీ ఆ గోడకీ తగిలి 'టంగ్' మని మోగుతోంది. మోగినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోతోంది.

"తివాచీ ఏదండీ?"

"కింద తమ్ముడివాళ్ళకి ఇచ్చేశాను. వాళ్ళ నేల మరీ చల్లగా ఉంటుంది. పాఠానికొచ్చిన పిల్లలు దానిమీదే కూర్చోవాలి పాపం."

"పిల్లల సంగతి సరే. మరి ఇక్కడ?"

"ఇక్కడ అక్కర్లేదోయ్. పాటని మింగేస్తోందది. మరదలు కూడా అదే మాట అంది."

ఆవిడ సంచులు రెండూ అక్కడే దింపేసింది. తివాచీ పోయినందుకు అంత బాధ లేదు. తివాచీ పోతే ఇంకోటి వస్తుంది. 'మరదలు కూడా అదే మాట అంది' అన్నాడు చూడండి, అది కాలిలో గాజుపెంకులా దిగబడింది. పైకి కనపడదు, అడుగు వేస్తే మాత్రం తెలుస్తుంది.

లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది. "ఎవరివే ఆ చప్పట్లు? ఎవరికి సన్మానం?"

"మీ అబ్బాయి గోడలకి చేస్తున్నారు!"

"ఏంటీ?"

"గోడలకండీ, గోడలకి! చెవుల్లో దూది కుక్కుకున్నారా ఏంటి? ఒక్కో మాటా నాలుగుసార్లు చెప్పలేక చస్తున్నాను!"

భర్త గుమ్మంలోకి వచ్చి ఏదో అనబోయినవాడల్లా తల దించుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ గది సంగతి కొంచెం చెప్పాలి. ఈయన అచ్చు ప్రెస్సులో ఫోర్‌మన్. పగలంతా యంత్రాల మధ్య రణగొణ ధ్వనిలో బతికే మనిషి కాబట్టి ఇంటికొస్తే పాట కావాలి. పాటంటే చెవి కోసుకుంటాడు. మనిషి నడుమెత్తున ఉండే చెక్క స్పీకర్లు, రికార్డు ప్లేయరు కొని, వీధివైపు గదిలో పెట్టాడు. తీరా మొదటి రోజు రికార్డు వేస్తే, పాడే ఆవిడ ఎక్కడో నూతిలో దిగి పాడుతున్నట్టు వినిపించింది. నున్నటి పలకల నేల, నున్నటి గోడలు, వెడల్పాటి గాజు కిటికీలు. పలికిన మాట వెళ్ళిపోకుండా అక్కడే తిరుగుతూ, వెనకొచ్చే మాటని తొక్కేస్తోంది. ఆయన వైర్లు మార్చాడు, పెట్టెలు అటూ ఇటూ జరిపాడు, షాపువాణ్ణి తిట్టాడు. ఏం చేసినా లాభం లేకపోయింది.

పెద్దకోడలికి శబ్దశాస్త్రం తెలీదు. ఇంటి దగ్గర కుట్టుమిషను పెట్టుకుని, షాపులవాళ్ళు పంపే గుడ్డతో పరదాలు, దిండు గలీబులు కుట్టడం ఆవిడ పని. గది చూస్తే ఆసుపత్రిలా ఉందని ఆవిడకి అనిపించింది, అంతే. అందుకని నేలమీద మందపాటి తివాచీ పరిచింది. కిటికీ వెడల్పుకి రెండింతల గుడ్డ పట్టించి, లోపల అస్తరు వేసి, మడతలు మడతలుగా పరదాలు వేలాడదీసింది. పేము కుర్చీలకి మెత్తలు కుట్టింది. మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి కుట్టిన బొంతని వెనక గోడకి తగిలించింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క అలమర నిండా గుడ్డల తానులు పేర్చి ఓ మూల పెట్టింది. దాని గాజు తలుపు, మృదంగం గట్టిగా మోగినప్పుడల్లా జుయ్యిమని వణికేది. తలుపు సందులో ఉన్నిగుడ్డ పేలిక దోపింది. వణుకు ఆగిపోయింది.

ఆ రోజు ఆయన గదిలోకి వచ్చి చప్పట్లు చరిస్తే, 'టప్' మని పొడిగా పలికి ఊరుకుంది. రికార్డు వేసి కూర్చున్నాడు. కాసేపటికి లేచొచ్చి, వంటింట్లో ఉన్న భార్యని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు.

"విను. ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. పరదాలు కుట్టమంటే గదినే కుట్టి పెట్టావు కదోయ్!"

ఆ ఒక్క మాట మీద ఆవిడ ఏళ్ళ తరబడి బతికింది.

తర్వాత మరిదికి పెళ్ళయింది. అతను రైలు గార్డు. నెలలో సగం రోజులు ఇంట్లోనే ఉండడు. కింది వాటాలో కాపురం పెట్టాడు. వచ్చిన చిన్నకోడలు బడిలో సంగీతం టీచరు. మనిషి నెమ్మది. అక్కా అక్కా అంటూ తిరిగే రకం. అలాంటి పిల్లని పట్టుకుని ఏం అనగలం? అదే పెద్దకోడలి కష్టమంతా. గయ్యాళిదైతే ఎంత బాగుండేది!

ఆ పిల్ల మొదటిసారి పాటల గదిలోకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి కాసేపు విని, "బావగారూ, ఈ వీణ మొదట్లో ఉన్నట్టు లేదు కదూ? ఒక తీగ కొద్దిగా దిగిపోయింది," అంది. ఆయన నమ్మలేదు. ముల్లు ఎత్తి మళ్ళీ మొదటినుంచి పెట్టి విన్నాడు. విని, ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇన్నేళ్ళ నుంచి వింటున్నాను, ఒక్కరోజు కూడా పట్టుకోలేకపోయాను!"

ఆ రోజు నుంచీ కొత్త రికార్డు ఏది వచ్చినా మరదలు వినాల్సిందే. ఆయన మెట్ల దాకా వెళ్ళి స్వయంగా కేకేసేవాడు. పక్క కుర్చీలో ఆ పిల్ల కూర్చునేది. ఇద్దరూ కళ్ళు మూసుకుని, తలలూపుకుంటూ, మధ్యలో ఒకే చోట "ఆహా" అనేవారు. పెద్దకోడలు కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఎక్కడ ఆహా అనాలో తెలియక, ఆ ఆహా అయిపోయాక గ్లాసులు అందించేది.

తప్పుగా అనుకునే మనిషి కాదావిడ. భర్త ఎలాంటివాడో తెలుసు, ఆ పిల్ల ఎలాంటిదో తెలుసు. మనసు కుళ్ళుకున్నది ఆ పిల్ల అందం చూసి కాదు, వయసు చూసీ కాదు. చెవి చూసి. పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడించి నిలబడినప్పుడు, అడగాల్సినవన్నీ అయ్యాక, గొంతు తగ్గించి ఇదొకటి అడిగేది: "అందరికీ చెవులిచ్చావు కదా స్వామీ, ఆ పిల్లకి చెవిలో మళ్ళీ ఇంకో చెవి ఎందుకు పెట్టావు? పెడితే పెట్టావు, మా ఇంటికే ఎందుకు పంపావు?" అడిగాక సిగ్గుపడి లెంపలేసుకునేది. మర్నాడు మళ్ళీ అడిగేది.

తివాచీ తర్వాత పరదాలు పోయాయి. ఆ తర్వాత గోడమీద బొంత. ప్రతిసారీ ఆయన నోట అదే మాట: మరదలికీ అలాగే అనిపించిందట.

ఓ సాయంత్రం పెద్దకోడలు దారపు బంతి కోసం కిందికి వెళ్ళింది. చిన్నకోడలి ముందుగదిలో పిల్లలు వరసగా కూర్చుని పాడుతున్నారు. కూర్చున్నది ఈవిడ తివాచీ మీద. వెనక కిటికీకి వేలాడుతున్నవి ఈవిడ పరదాలు. మిషను మీద వంగి, కళ్ళు గుంజేదాకా అస్తరు వేసినవి. గోడకి ఈవిడ బొంత. ఇక ఆ గదిలో పాట! పిల్లల గొంతులు తేనె పూసినట్టు, ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా వినిపిస్తున్నాయి. కంటికి రెప్ప ఇచ్చిన భగవంతుడు చెవికి కూడా ఒకటి ఇచ్చి ఉంటే ఆవిడ అప్పుడే మూసుకునేది.

పిల్లలు వెళ్ళేదాకా గుమ్మంలోనే ఆగి, తర్వాత అంది: "నీ పాటకి కావాల్సినవన్నీ అమిరాయి కదమ్మా. ఇంక పైన మిగిలింది అలమర, కుర్చీలు. వాటిని ఎప్పుడు దింపించమంటావో చెబితే మెట్లు కడిగి ఉంచుతాను."

చిన్నకోడలి మొహం పాలిపోయింది. "అక్కా, అది..." అని నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుంది. "ఏం లేదక్కా. కూర్చో, టీ పెడతాను."

"ఎందుకులే. నేను తాగితే ఏ టీ ఎలా ఉందో కూడా చెప్పలేను. మొద్దు నాలుక. చెవిలాగే."

దొరికిపోయింది కాబట్టి మాట పడిపోయింది, అనుకుంది పెద్దకోడలు మెట్లెక్కుతూ. ఒంటిచేత్తో గెలిచినట్టుంది. కానీ గెలిచినవాళ్ళకి కడుపు ఇలా ఎందుకు మండుతుందో తెలియలేదు.

మర్నాడు ఆయన ప్రెస్సుకి వెళ్ళాక ఆవిడ ఓ పని చేసింది. పాటల గది తలుపు దగ్గరగా వేసుకుని, తనకి బాగా తెలిసిన రికార్డు పెట్టి, ఆయన కుర్చీలో కూర్చుంది. చెవి అనేది నేర్చుకుంటే వచ్చేదైతే నేర్చుకుందామని. కుట్టు నేర్చుకోలేదా? అదీ అంతే కదా.

పాట మొదలైంది. ఆవిడ ఉలిక్కిపడింది. 'స' అన్నప్పుడల్లా చెవిలో గుండుసూది గుచ్చినట్టుంది. తాళాలు మోగితే స్టీలు గిన్నెలు మెట్లమీద దొర్లినట్టుంది. పళ్ళు పులిసిపోతున్నాయి. లేచి చూస్తే, సన్నని శబ్దాన్ని పెంచే మీట చివరికంటా తిప్పి ఉంది. తగ్గిద్దామని చెయ్యి వేసింది. మళ్ళీ తీసేసింది.

చెవి ఉన్నవాళ్ళు బాగుందన్నారు. తన చెవికి బాధగా ఉందంటే తప్పు చెవిదే గాని గదిది ఎలా అవుతుంది? తనకి సంగీతం రాదు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? తన చెవి చెప్పిన నిజాన్ని తనే నోరు మూయించి, ఆవిడ ముల్లు ఎత్తేసి, తలనొప్పితో వచ్చి మిషను ముందు కూర్చుంది. అసూయ ఎంత పని చేయిస్తుందో చూడండి. ఎదుటివాళ్ళని తక్కువ చేయిస్తుందని అంటారు గాని, అంతకంటే ముందు మనల్నే తక్కువ చేయిస్తుంది.

ఆ శనివారం కాఫీ తాగుతూ ఆయన అన్నాడు. "రేపు ప్రెస్సు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వస్తారు. ఆ అలమర కిందికి దింపించేద్దాం."

పెద్దకోడలు గ్లాసు కింద పెట్టింది. "అది మా అమ్మ ఇచ్చింది."

"పారేస్తామా ఏంటి? కింద ఉంటుంది."

"ఇదీ మరదలే చెప్పిందా?"

ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, "ఆ... తనకీ అలాగే అనిపించిందిట," అన్నాడు.

ఇంక ఆవిడ ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. చిన్నకోడలు బడి పుస్తకాలకి అట్టలు వేస్తోంది.

"ఏమ్మా, మా అమ్మ అలమర నీకేం చేసింది?"

"అలమరా?"

"తివాచీ తీయమన్నావు, తీశారు. పరదాలన్నావు, దించారు. బొంతన్నావు, ఊడబీకారు. నోరెత్తానా? చెవుల మహారాణివి, ఆజ్ఞ వేశావు, సరేననుకున్నాను. ఇప్పుడు మా పుట్టింటిదాకా వచ్చావు. రేపు నన్ను తీసేస్తే పాట ఇంకా బాగుంటుందేమో, అది కూడా చెప్పకపోయావూ!"

చిన్నకోడలు చేతిలోని కత్తెర బల్లమీద పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు. కానీ గొంతు మాత్రం టీచరు గొంతులా నిలకడగా ఉంది.

"అక్కా, నేను తీయమనలేదు. వద్దన్నాను. తివాచీ తీసిన రోజే చెప్పాను, గది చెడిపోయింది బావగారూ, మళ్ళీ పరిచెయ్యండి అని. పరదాలు దించినప్పుడు చెవులు మూసుకున్నాను. అక్క కుట్టినవి నా కిటికీకి వద్దండీ అంటే, ఆయనే తెచ్చి తగిలించి వెళ్ళారు."

"మరి నీ పేరెందుకు చెబుతారు?"

చిన్నకోడలు కత్తెర మళ్ళీ తీసి అట్ట అంచు కత్తిరించబోయింది.

"చెప్పవే!"

"చెప్పనని మాటిచ్చానక్కా." అని, ఇంక తన వల్ల కాక చెప్పేసింది: "బావగారికి సన్నని శబ్దాలు వినిపించట్లేదు. పిల్లనగ్రోవి పైస్థాయి, తాళాలు, గజ్జెలు... అన్నీ పోయాయి. గజ్జెలతో అయిపోయే రికార్డొకటి ఉంది చూడు, ఓ రోజు గజ్జెలు మోగుతూనే ఉన్నాయి, ఆయన లేచి ముల్లు ఎత్తేశారు. నేను చూశాను. నేను చూడటం ఆయన చూశారు. గదిలో మెత్తనివన్నీ తీసేస్తే కాస్తో కూస్తో వినిపిస్తున్నాయని ఒక్కోటీ తీసేస్తున్నారు. నాకేమో గది గుండుసూదుల డబ్బాలా ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళండి అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది."

పెద్దకోడలు తివాచీ మీద, తన తివాచీ మీదే, కూలబడింది. గుండుసూది. తన చెవికి తోచిన మాటే.

ఆవిడ మనసు అప్పుడు భర్త మీద జాలితో నిండిపోయిందని రాస్తే అందంగా ఉంటుంది గాని, అబద్ధం అవుతుంది. ముందు వచ్చింది జాలి కాదు. నా మొగుడి చెవి సంగతి నాకంటే ముందు దీనికి తెలుసా, అన్నది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల చెవిని చూసి కుళ్ళుకుంది. చెవి ఏముంది, అది దేవుడిచ్చింది. ఈ రహస్యం మాత్రం ఆయన ఇచ్చింది. తనకి ఇవ్వకుండా ఇచ్చింది.

"సోమవారం డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను," అంది లేస్తూ. "నేనే."

పైకి వెళ్ళేసరికి ఆయన అలమరలోంచి గుడ్డల తానులు తీసి కుర్చీలో పేరుస్తున్నాడు. ఆవిడ ఆ గజ్జెల రికార్డు వెతికి, ముల్లు చివరి వరసల మీద పెట్టింది. పాట ముగిసింది. గజ్జెలు మొదలయ్యాయి, ముందు గట్టిగా, తర్వాత ఎవరో దూరంగా నడిచి వెళుతున్నట్టు.

"అయిపోయిందిగా, తీసెయ్యి. ముల్లు అరిగిపోతుంది," అన్నాడాయన.

ఆవిడ కదల్లేదు. గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. ఆయన భార్య మొహంలోకి చూశాడు. తర్వాత తిరుగుతున్న రికార్డు వైపు చూశాడు. తెలిసిపోయింది. చేతిలో ఉన్న తాను అలాగే పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ పిల్లతో చెప్పారు. నాతో చెప్పలేదు."

"చెప్పలేదు. పట్టుకుంది."

"పట్టుకున్నాకైనా నాకు చెప్పొచ్చుగా? ఇన్నేళ్ళ కాపురం. మీ చొక్కా గుండీ వదులైతే మీకంటే ముందు నాకు తెలుస్తుంది. ఇది చెప్పడానికి నేను పనికిరాలేదా?"

ఆయన తాను అంచుని మడుస్తూ కూర్చున్నాడు. "కోప్పడనంటే చెబుతాను."

"చెప్పండి."

"అమ్మతో నువ్వు రోజూ ఎలా మాట్లాడతావో వింటున్నాను కదా. నాకూ అలాగే కేకలు వేసి చెబుతావని..." అని ఆగి, "అది మాత్రం నాకు బాగానే వినిపిస్తుందోయ్," అన్నాడు.

లోపలి గదిలో అత్తగారు కూర్చునే పడక్కుర్చీ కిర్రుమంది. ఈ ఇంట్లో ఎవరి చెవికి ఏం వినపడుతోందో ఎవరికి తెలుసు?

ఆయన ఇంక దేనికీ ఎదురు చెప్పలేదు. ప్రెస్సు కుర్రాళ్ళని రావద్దన్నాడు. పెద్దకోడలు ఆదివారం పొద్దున్నే కిందికి వెళ్ళి, "నా సామాను," అంది. చిన్నకోడలు తివాచీ చుట్టి, ఓ కొస తనే పట్టుకుని మెట్లెక్కించింది. పరదాలొచ్చాయి, బొంతొచ్చింది. పెద్దకోడలికి అవి చాల్లేదు. ఊడబీకినవాటికి వడ్డీతో సహా తీర్చుకోవాలనిపించింది. మంచం మీది బొంత ఇంకోటి రెండో గోడకి కట్టింది. షాపుకి పంపాల్సిన మెత్తలన్నీ మూలల్లో పేర్చింది. పరదాల మీద పరదాలు వేసింది. అలమర తుడిచి, తానులు మళ్ళీ లోపల పేర్చి, ఎవరూ కదపకుండా దాని పక్కన గోద్రెజ్ కుర్చీ అడ్డం పెట్టింది. చప్పట్లు చరిచి చూసింది. చేతులు తగిలినట్టు కూడా వినపడలేదు.

"రండి, వినండి."

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. ఎన్నాళ్ళకో తన కుర్చీలో! రికార్డు మొదలైంది. గోనెసంచిలో మూట కట్టిన పాటలా ఉంది. మృదంగం ఒక్కటే మూల నుంచి బుయ్యిమంటోంది. సరేలే, అలవాటవుతుంది అనుకుంటూ భర్త వైపు తిరిగింది.

"బాగుంది," అన్నాడాయన అడక్కుండానే. తల ఊపుతున్నాడు. కానీ పాట ఒకచోట ఉంటే తల ఇంకోచోట ఊగుతోంది. చేతివేళ్ళు తొడమీద తాళం వేయడం మానేశాయి. నలుగురు మాట్లాడుకుంటుంటే మధ్యలో కూర్చుని, వినపడకపోయినా అందరితోపాటు నవ్వే మనిషి మొహంలో ఒక రకమైన మర్యాద ఉంటుంది. అది ఆవిడకి బాగా తెలుసు. అత్తగారి మొహంలో రోజూ చూస్తోంది.

గది తనకి తిరిగొచ్చింది. ఆయనకి పాట పోయింది.

ఇప్పుడేం చెయ్యాలి? గది ఎవరి చెవి కోసం? బాగా వినపడేవాళ్ళ కోసమా, వినపడనివాడి కోసమా? తీసేస్తే ఇంటికొచ్చిన ప్రతివాడి చెవిలో గుండుసూదులు. ఉంచితే, ఏ మనిషి కోసం ఇదంతా కుట్టిందో ఆ మనిషికి ఏమీ లేదు. దేవుణ్ణి అడుగుదామంటే, రోజూ అడిగినదానికే ఇంకా మొహం చెల్లకుండా ఉంది.

ఆవిడ లేచి, ముందు రెండో బొంత దించింది. మూలల్లోని మెత్తలు తీసింది. పైపరదాలు లాగేసింది. ఆయన చూస్తున్నాడు గాని ఎందుకని అడగలేదు. కుర్చీ అంచుకి జరిగి, చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టుకుని, స్పీకరు వైపు వంగి కూర్చున్నాడు. ఆ వంగడం చూసింది ఆవిడ. మనిషి అంతలా వంగుతుంటే కుర్చీ ఎందుకు అంత దూరాన ఉండాలి?

"లేవండి ఓసారి."

కుర్చీని బరబరా ఈడ్చుకెళ్ళి, చెయ్యి చాస్తే స్పీకరు అందేంత దగ్గరగా వేసింది. "ఇప్పుడు కూర్చోండి."

గోడలకి తగిలి తిరిగి వచ్చేదాకా ఆగకుండా పాట నేరుగా ఆయన మొహం మీదే పడింది. కాసేపటికి తొడమీద వేళ్ళు కదిలాయి. తాళం తప్పలేదు.

"ఏమోయ్, తాళాలు!" అన్నాడు వెనక్కి తిరిగి. "సన్నగా... కానీ ఉన్నాయి!"

"ఉన్నాయండీ," అంది ఆవిడ. అరవలేదు. దగ్గరికి వెళ్ళి, ఆయన మొహానికి ఎదురుగా వంగి, మామూలు గొంతుతో అంది. ఆయనకి వినిపించింది.

ఆయన సంగతి అయింది. మరి మిగతా గది? తివాచీ ఎంతదాకా ఉండాలి, ఏ కిటికీకి పరదా, మూల మృదంగం ఎందుకలా మొత్తుకుంటోంది? ఏదో తేడా ఉందని ఆవిడకి తెలుస్తోంది. ఎక్కడుందో తెలియడం లేదు. ఆ తేడా ఎవరికి తెలుస్తుందో మాత్రం బాగా తెలుసు.

గుమ్మంలో చాలాసేపు నిలబడింది. తర్వాత కిందికి వెళ్ళింది.

"అమ్మాయ్, ఓసారి పైకి రా."

"బావగారు పిలిచారా అక్కా?"

"లేదు. ఆయన పాటలో ఉన్నారు. నేను పిలుస్తున్నాను."

చిన్నకోడలు పైకి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచి, ముందు బావగారి కుర్చీ ఎక్కడుందో చూసింది. తర్వాత అక్క వైపు చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడం పెద్దకోడలికి నచ్చింది. అందులో మెచ్చుకోలు కనిపించడం అంతగా నచ్చలేదు. ఆ పిల్ల గదిలో నెమ్మదిగా తిరిగి, నాలుగు మూలలా నిలబడి విని, "అలమర మూలకి మరీ ఒత్తుకుని ఉంది, కాస్త ఇవతలికి లాగితే మృదంగం సర్దుకుంటుంది. తివాచీ బావగారి కుర్చీ వెనక నుంచి మొదలైతే చాలు, ముందు నేల అలా వదిలేద్దాం. బొంత మాత్రం ఇదిగో, సరిగ్గా ఇక్కడ," అని గోడమీద వేలితో గీత గీసింది.

ఇద్దరూ కలిసి అలమర లాగారు. తివాచీ వెనక్కి జరిపారు. కుర్చీలో మనిషి వీళ్ళకి వీపు చూపించి, కళ్ళు మూసుకుని కూర్చునే ఉన్నాడు. లోపలి నుంచి అత్తగారు ఏమిటా లాగుడని కేకేస్తే, పెద్దకోడలు పని ఆపి, గది దాకా వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పి వచ్చింది. ఆలస్యమైంది గాని, ఒక్కసారితో సరిపోయింది.

చివరికి బొంత మిగిలింది. పెద్దకోడలు స్టూలెక్కింది. చిన్నకోడలు కింద నుంచి బొంత అందించింది. గోడమీద ఆ పిల్ల వేలిగుర్తు ఇంకా సన్నగా కనిపిస్తోంది. పెద్దకోడలు దాన్ని చూసి, కాసేపు ఆలోచించి, మేకుని దానికి ఓ జానెడు ఇవతలగా కొట్టింది.

"ఇక్కడైతే?" అంది స్టూలు మీంచే, వెనక్కి తిరగకుండా.

చిన్నకోడలు తల ఓ పక్కకి వంచి విన్నది. కాస్త ఎక్కువసేపే విన్నది.

"ఏం తేడా లేదక్కా," అంది.

"చూశావా మరి," అని పెద్దకోడలు రెండో మేకు నోట్లోంచి తీసింది.